ఒగ్గీ అన్న మాట

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు సర్వర్ ఆగి, నాలుగు సెకన్లలో మళ్లీ లేచింది. న్యూ టౌన్‌లోని మా ఆఫీసులో ఇది వారానికి రెండు మూడుసార్లు జరుగుతుంది. ఎవరో ప్రోగ్రాంలో ఒక మార్పు చేస్తారు. దాన్ని ఒక యంత్రం పరీక్షిస్తుంది, ఇంకొకటి తీసుకెళ్లి సర్వర్ మీద పెడుతుంది. అందరి స్క్రీన్ల మీదా పచ్చ టిక్కు పడుతుంది. ఆ టిక్కు చూసి నేను పైకే "అరియా" అన్నాను. పక్క సీటు అమ్మాయి ఇయర్‌ఫోన్ తీసి "కిఛు బోల్‌లే?" అని బెంగాలీలో అడిగింది, ఏమైనా అన్నావా అని. ఏమీ అనలేదని చెప్పాను.

నాకు ఆ మాట నేర్పిన ఆయన పోయారని అంతకుముందు రోజే తెలిసింది. పోయి అప్పటికి తొమ్మిది రోజులు.

మా ఆఫీసు మొదట భవానీపూర్‌లో ఉండేది, కళ్లద్దాల దుకాణం పైన రెండు గదుల్లో. చిన్న ఆసుపత్రులకు పైథాన్‌లో వెబ్ ప్రోగ్రాములు రాసిచ్చి, వాటిని లినక్స్ సర్వర్ల మీద నడపడం మా పని. రాసేవాళ్లం ఐదుగురం. నడిపేది ఆయనొక్కరే. అప్పటికే యాభై దాటిన మనిషి. పుట్టింది ఏక్‌బాల్‌పూర్‌లో. తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి ఓడరేవులో ఖలాసీగా చేరారట. క్రేను కింద నిలబడి, పైనున్నవాడికి చేత్తో, కేకతో సైగ చేసే పని.

నేను చేరిన రోజు నా పేరు విని తెలుగా అని అడిగారు.

"అవును సార్. కరీంనగర్."

"సారేటి? సారు ఓడల డాకు గేటుకాడ ఉంటాడు, టోపీ ఎట్టుకుని. ఇక్కడ అందరూ నన్ను దాదా అంటారు. నువ్వూ అదే అను."

"మా దిక్కు దాదా అంటే రౌడీ."

"మరీ మంచిది. బయపడి లాగులు సదువుతావు."

నాకు నవ్వాగలేదు. లాగులంటే సర్వర్ తాను చేసిన ప్రతి పనినీ రాసుకునే ఫైళ్లు. నేను ఎందుకు నవ్వుతున్నానో ఆయనకు కాసేపటికి అర్థమైంది. "ఆ లాగులు కూడా సదవొచ్చు, ఆరేసినప్పుడు" అన్నారు.

ఇరవై ఏళ్లుగా బెంగాలీలో, హిందీలో పని చేసిన మనిషికి ఆఫీసులో తెలుగు దొరికింది. ఆ మొదటి ఏడాది ఆయన నాతో మాట్లాడినంత తెలుగు అంతకుముందు నాతో ఎవరూ మాట్లాడలేదు, తర్వాతా మాట్లాడలేదు. చదవడం మాత్రం సరిగా రాదు. మధ్యాహ్నం నేను పుస్తకం తెరిస్తే వచ్చి ఏదో ఒక అక్షరం మీద వేలు పెట్టేవారు. "ఇదేటి, ఝా నా? ఇంత సామాను మోస్తందేటి!" సర్వర్ సెట్టింగుల ఫైళ్లలో తన గుర్తుకోసం రాసుకునే మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి, భాష మాత్రం శ్రీకాకుళానిది. 'ఇక్కడ సెయ్యెట్టకు.' 'ఇది కదిపితే గేటు పడిపోద్ది.' బెంగాలీ సహోద్యోగులు వాటిని ఏవో సంకేత పదాలనుకుని ముట్టుకునేవారు కాదు. అందుకు అవి పనికొచ్చాయి.

నాకు సర్వర్ పని నేర్పింది ఆయనే. వెబ్ సర్వర్ ఆయన దృష్టిలో ఒక గోదాము. బయటి గేటులో ఒకడుంటాడు. ఆ ప్రోగ్రాం అసలు పేరు ఇంజిన్ ఎక్స్, ఆయన దర్వాన్ అనేవారు. వచ్చిన వాళ్లందరూ ముందు వాడి దగ్గర ఆగాలి. లోపల గునికార్న్ అని ఇంకొకటి, పైథాన్ ప్రోగ్రాంను నాలుగైదు చేతులకు పంచి పని చేయించేది. దానికి సర్దార్ అని పేరు. దర్వాన్‌కీ సర్దార్‌కీ మధ్య ఒక చిన్న కిటికీ. మాటలు, కాగితాలు ఆ కిటికీలోంచే. సైటు తెరుచుకోక 502 అని పడితే జనం భయపడతారు గానీ, దాని అర్థం ఇంతే: గేటులో దర్వాన్ ఉన్నాడు, కిటికీ అవతల సర్దార్ పలకడం లేదు.

"ఎర్రచ్చరం తిట్టు కాదమ్మా, ఎడ్రసు" అనేవారు. తప్పు ఎక్కడుందో ఆ ఎర్ర అక్షరాల్లోనే రాసి ఉంటుందని.

ఇంకొక మాట కూడా ఎప్పుడూ అనేవారు: "లేసింది వేరు, లెగడం తెలిసింది వేరు." ఒక ప్రోగ్రాంను మనం చేత్తో లేపితే అప్పటికి లేస్తుంది. కరెంటు పోయి మెషీన్ మళ్లీ మొదలైనప్పుడు తనంతట తాను లేవాలంటే దానికి ఇంకొక ఆజ్ఞ ఇవ్వాలి. కొత్తవాళ్లు అది మరిచిపోతారు. నేనూ మరిచిపోయాను, రెండుసార్లు.

కమాండు ఇచ్చే ముందు ఆయన జేబురుమాలుతో ఎంటర్ కీని తుడిచేవారు. ఆ ఒక్క కీనే. తర్వాత కుడిచేయి అరచేయి తెరిచి భుజం ఎత్తుకు లేపి, ఎడమచేత్తో టైపు చేసేవారు. చేయి పైన ఉన్నంతసేపు ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు. పిడికిలి బిగిస్తే ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు. ఇది తండ్రి దగ్గర చూసిన సైగ అని నాకు తర్వాత తెలిసింది. మొదట్లో చూసి నవ్వుకునేదాన్ని.

ఆ ఏడాది చివర్లో ఒక రోజు మేము ఒక డయాలిసిస్ కేంద్రం ప్రోగ్రాంను పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారుస్తున్నాం. ఏ రోగికి ఏ పూట, ఏ మెషీన్, ఎంత బరువు వచ్చేదాకా నీరు తీయాలి, అన్నీ అందులోనే ఉంటాయి. మెషీన్ నంబరు ముఖ్యం. రక్తంలో కామెర్ల వైరస్ ఉన్నవాళ్లకు వేరే మెషీన్లు. వాటిని మిగతావాళ్లకు పెట్టకూడదు. రెండో పూట రోగులు ఒంటిగంటన్నరకు వెళ్తారు, మూడో పూట మూడున్నరకు మొదలవుతుంది. మాకున్నది ఆ మధ్య సమయం.

"పైన ఒకలు, కింద ఒకలు" అని ఆయన కేంద్రానికి వెళ్లారు. సర్వర్ మార్చేటప్పుడు ఒకరు సర్వర్ దగ్గర, ఒకరు దాన్ని వాడే మనుషుల దగ్గర ఉండాలని ఆయన పట్టుదల. నేను ఆఫీసులో కూర్చున్నాను. ఆయన దగ్గర బటన్ల ఫోను. దాన్ని కౌంటరు మీద స్పీకర్‌లో పెట్టారు. సిస్టర్ మాటలు, కుర్చీ చక్రాల చప్పుడు నాకు వినిపిస్తున్నాయి.

పన్నెండున్నరకు పాత సర్వర్‌లోని సమాచారాన్ని ఒకసారి కొత్తదానికి తెచ్చి పెట్టాను. అది పరీక్ష కోసం. అసలు మార్పు సమయానికి ఇంకోసారి తేవాలి, ఎందుకంటే సిస్టర్ ఇంకా పాతదాంట్లోనే రాస్తోంది. ఒంటిగంట దాటాక ఆమె మూడో పూట జాబితా ఎక్కించింది. పద్నాలుగు పేర్లు. ఉదయం వచ్చిన రిపోర్టులను బట్టి ముగ్గురి మెషీన్లు మార్చింది. ఇదంతా నాకు తెలుసు. నా కాగితం మీద రెండోసారి తేవాలని రాసి కూడా ఉంది.

రెండింటికి కొత్త సర్వర్ తెరిస్తే 502. లాగు చదివి వినిపించాను.

"కిటికీ యాడ ఎట్టినావు?"

"నా హోం ఫోల్డర్‌ల."

"అదీ సంగతి. కిటికీ ఉంది, సర్దారున్నాడు. నీ ఇంటి గుమ్మం దాటీకి దర్వానుకి హుకుం లేదు. బజార్లో ఎట్టాల్సింది పడగ్గదిలో ఎట్టినావు. తీసి బయటెట్టు, బేగి."

తీసి ఉమ్మడి చోట పెట్టాను. సర్దార్‌ను మళ్లీ లేపాను. దర్వాన్ సెట్టింగులు పరీక్షించి తిరిగి చదివించాను. పేజీ తెరుచుకుంది. ఆ ఊపిరి పీల్చుకోవడంలో, చేయాల్సిన రెండో కాపీ నా మనసులోంచి పోయింది.

"వచ్చింది దాదా! పాతదాన్ని ఏం చేయాలె?"

"ఒగ్గీ" అన్నారు.

మేం సర్వర్లు అద్దెకు తీసుకునే చోట, మెషీన్‌ను తీసేసే బటన్ పేరు రిలీజ్. ఆయన నోట ఒగ్గీ అన్న మాట చాలాసార్లు విన్నాను. వదిలెయ్ అని అర్థం చేసుకున్నాను, అది సరైన అర్థమే. మా ఇంట్లో ఇడిసిపెట్టు అంటారు. రిలీజ్ నొక్కాను. నిజంగానేనా అని అది అడిగింది, మెషీన్ పేరు టైపు చేయమంది. తప్పులేకుండా టైపు చేశాను. రెండు గంటల పది నిమిషాలైంది.

"ఇడిసిపెట్టిన" అన్నాను.

"ఆ, ఒగ్గీ. ఇప్పుడు రెండో కాపీ తే."

ఆయన మూడోసారి పిలిచాక చెప్పాను. "దాదా, పాతది లేదు. తీసేసిన."

తర్వాత ఆయన గొంతు, నాతో కాదు, సిస్టర్‌తో: "హాత్ దియో నా దీదీ. కిఛుతే హాత్ దియో నా." దేన్నీ ముట్టుకోవద్దని. పిడికిలి బిగించి ఉంటారని నాకు తెలుసు.

కౌంటరు మీది కంప్యూటర్‌లో పాత సర్వర్ చూపించిన జాబితా ఇంకా తెరిచి ఉంది. లోకంలో ఆ జాబితా మిగిలింది ఆ అద్దం మీద ఒక్కచోటే. అయితే ఆ పేజీ అయిదు నిమిషాలకోసారి తనంతట తాను మళ్లీ తెరుచుకుంటుంది. అలా రాసింది నేనే. మళ్లీ తెరుచుకుంటే అక్కడ ఖాళీ తెల్ల పేజీ.

"మూలన టైమెంతుంది?" అని నేనే అడిగాను.

"రెండు ఎనిమిది."

"అంటే రెండు పదమూడుకు పోతది. ఇప్పుడు పదకొండు."

"రాసుకో" అన్నారు. "నాను సెప్పింది నువ్వు తిరిగి సెప్పాల. సెప్పకపోతే ముందుకెల్ను."

స్క్రీన్‌ను ఫొటో తీద్దామంటే సిస్టర్ ఫోను పైఅంతస్తులో లాకర్‌లో ఉంది. ఆమె మెట్లెక్కి పరుగెత్తిన చప్పుడు వినిపించింది. ఆయన చదవడం మొదలుపెట్టారు. దాస్, మెషీన్ మూడు, యాభై ఎనిమిది. దాస్, మూడు, యాభై ఎనిమిది. షేక్, మెషీన్ తొమ్మిది, అరవై నాలుగున్నర. షేక్, తొమ్మిది, అరవై నాలుగున్నర. ఆయన తొందరపడలేదు. నేను తొందరపడి ఒకచోట ఆరు బదులు ఏడు అన్నాను. "ఆరు" అని ఆగారు. ఆరు అన్నాకే ముందుకు వెళ్లారు. నా కంప్యూటర్ గడియారం పన్నెండు నుంచి పదమూడుకు మారడం చూశాను.

పదమూడో పేరు తిరిగి చెప్పాను. తర్వాతిది రాలేదు.

"పోయింది" అన్నారు.

పద్నాలుగో పేరు సిస్టర్‌కు గుర్తుంది. మెషీన్ గుర్తులేదు. మార్చిన ముగ్గురిలో ఆ ముసలాయన ఒకరు. రిపోర్టు ల్యాబులో ఉంది, ల్యాబువాళ్లు భోజనానికి వెళ్లారు. దాదా ల్యాబు తలుపు దగ్గర నిలబడ్డారు. మధ్యలో ఒకసారి ఫోను చేశారు.

"ఆ ముసలాయన వొచ్చీసినాడు. బెంచీ మీద కూకున్నాడు. నన్నే సూస్తన్నాడు."

"ఏమన్న అడుగుతున్నడా?"

"ఆయనకేటి తెలుసు? నానెవరో ఎల్ట్రీషన్ అనుకుంటన్నాడు. ఫేను తిరగట్లేదని సెప్పినాడు."

మూడూ ఇరవైకి రిపోర్టు దొరికింది. దాన్ని సిస్టర్ చదివింది, ఆయన చదివారు, నేను తిరిగి చెప్పాను. మిగతా పదమూడు కూడా కాగితాలతో సరిచూడందే పూట మొదలుపెట్టొద్దని ఆయన సిస్టర్‌ను బతిమాలారు. ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఎవరికీ ఏమీ కాలేదు. తెరిచి ఉన్న ఆ పేజీని అక్కడికక్కడ సేవ్ చేసుకోవచ్చని నాకు సాయంత్రం తట్టింది.

ఆయన ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి నేను రాజీనామా రాసి పెట్టుకున్నాను. చూసి పక్కన పెట్టారు. కుర్చీ నా ఎదురుగా లాక్కున్నారు.

"నానేటన్నాను?"

"ఒగ్గీ అన్నరు."

"నువ్వేటి ఇన్నావు?"

"రిలీజ్ చెయ్యమన్నరు అనుకున్న."

అప్పుడు చెప్పారు. ఆయన చిన్నతనంలో, ఓడ అడుగున సరుకు అరలోకి పెట్టెలు దింపుతుంటే, కింద తాడు పట్టుకున్నవాడు ఈ తాడేం చేయమంటావని అడిగాడట. సొంత ఊరివాడు. ఆయన తండ్రి ఒగ్గీ అన్నాడు, దాని జోలికి పోకు, ఉండనీ అని. వాడు తాడు వదిలేశాడు. ఇంకొకరి ఎడమచేయి పెట్టె కింద పడింది. ఆ చేయి లేని మనిషి వాళ్ల సందులోనే ఉండేవాడు. రోజూ కుళాయి దగ్గర కనిపించేవాడు.

"అప్పట్నుంచి మా నాన్న పనికాడ తెలుగు మాటాడీవోడు కాదు. దించాలంటే అరియా. ఎత్తాలంటే హబీస్. ఓడల మాటలు. వాటికి ఇంకో అర్తం లేదు. కిందోడు పలికితేనే పైనోడు కదలాల. ఇంటికాడ ఒగ్గీసి ఎల్లీవోడు ఆ మాట. నాను పనికాడికి అట్టుకొచ్చీసినాను." తలెత్తి, "నువ్వు దొరికినావని" అన్నారు.

యజమానికి ఇవ్వాల్సిన నివేదిక తనే రాశారు. ఇంగ్లీషులో ఒక్క వాక్యం, తాను తప్పు మాట వాడానని. ఏ కమాండు తప్పు అని యజమాని అడిగితే, కమాండు కాదు, మాట అన్నారు. అంతకు మించి చెప్పలేదు. నా రాజీనామా కాగితం వెనకవైపు కొత్త సర్వర్ గుమ్మాల, అంటే పోర్టు నంబర్ల, వరుస రాసుకుని, దాన్ని తన డ్రాయరులో పెట్టుకున్నారు.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. ఏ సర్వర్‌ను ఆపాలన్నా ఆయన గది ఈ చివర నుంచి "అరియా" అనేవారు. నేను ఆ చివర నుంచి "అరియా" అనాలి. అప్పుడే ఎంటర్. లేపేటప్పుడు "హబీస్", నేనూ "హబీస్". నేను నీళ్లు తాగుతుంటే మింగేదాకా ఆగేవారు. ఒకసారి నేను ఫోనులో మా అమ్మతో మాట్లాడుతుంటే ఆరు నిమిషాలు చేయి పైకెత్తి కూర్చున్నారు. మెల్లగా మిగతావాళ్లూ నేర్చుకున్నారు. యజమాని కూడా ఒకరోజు తలుపులోంచి తొంగిచూసి "అరియా?" అని అడిగాడు, టీకి రమ్మని.

కానీ పని దగ్గర ఆయన నాతో తెలుగు మానేశారు. సర్వర్ గురించి ఏం చెప్పాలన్నా హిందీ, బెంగాలీ. దర్వాన్, సర్దార్ మాటలు కూడా పోయాయి. ఫైళ్లలో రాసుకునే మాటలు సైతం ఇంగ్లీషుకు మారాయి. నాకు అది శిక్షలాగే అనిపించింది. ఒకసారి అడగబోయాను. ఆయన పిడికిలి బిగించారు. నవ్వుతూనే, కానీ బిగించారు. టీ దుకాణం దగ్గర మాత్రం తెలుగే, ఫుట్‌బాల్ గురించి, చేపల గురించి.

ఆఫీసు న్యూ టౌన్‌కు మారినప్పుడు ఆయన రాలేదు. అంత దూరం బస్సులు మారి రాలేనన్నారు. అప్పటికి పని యంత్రాలకు అప్పగించడం మొదలైంది. అది మంచిదేనని ఆయనే అన్నారు. ఆ యంత్రాలు ఒగ్గీ అనవు.

ఆ మంగళవారం తర్వాతి ఆదివారం ఏక్‌బాల్‌పూర్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. ఇరుకు సందులో మొదటి అంతస్తు. ఆయన భార్య తలుపు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏటమ్మా, నువ్వేనా ఆ హబీస్ పిల్లవి?"

అవునన్నాను. లోపలికి లాక్కెళ్లి కూర్చోబెట్టింది.

"ఇంట్లో కూడా అదేనమ్మా. అన్నం గిన్ని దించాలంటే ఇద్దరం సెరో పక్క అట్టుకోవాల, ఆయన అరియా అనాల, నానూ అనాల. అనకపోతే దించనీడు. అన్నం మాడిపోతంటే కూడా! నానేటి ఓడనా అని తిట్టీదాన్ని."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె చీర కొంగు సర్దుకుంటూ అంది.

"ఆపీసులో నీతో తెలుగు మాటాడనని ఒట్టెట్టుకున్నాడంట కదా. ఆ పిల్లకి ఇంకోపాలి అలగ అవకూడదని. మరి ఆ మాటలన్నీ యాడకెల్తాయి? ఇంటికొచ్చి నాకు సెప్పీవోడు. దర్వానంట, సర్దారంట, కిటికీ మూసుకుపోనాదంట. ఇయ్యాల ఆ పిల్లకి ఇలగ సెప్పాలనుకున్నాను అని మొదలెట్టీవోడు. రాత్రి కూడు సల్లారిపోయీది. నాకేటి తెలుస్తాదమ్మా? ఊ అనీదాన్ని. ఊ అనకపోతే ముందుకెల్లడు కదా."

ఎన్నాళ్లు చెప్పారని అడిగాను. ఆఫీసు మారేదాకా అంది.

వచ్చేటప్పుడు చూశాను, వంటగదిలో పెద్ద గిన్నె అలమర పైన బోర్లించి ఉంది. పొయ్యి మీద ఉన్నది చిన్నది, ఒక మనిషి ఒక చేత్తో దించుకోగలిగింది.

మా సర్వర్లు బాగానే నడుస్తున్నాయి. ఆ డయాలిసిస్ కేంద్రం జాబితా ఇప్పుడు నిమిషానికోసారి మూడుచోట్లకు కాపీ అవుతుంది. మెషీన్లు ఆగుతాయి, లేస్తాయి, తీసేస్తే పోతాయి. ఇప్పుడు మా దగ్గర ఎవరూ బదులు వచ్చేదాకా ఆగరు.